నల్ల గాజు మోత

చలికి నడుముకి చుట్టుకునే ఉన్ని పొట్టపట్టీని మూడోసారి విప్పి, మళ్ళీ మడతపెట్టి, రెక్సిన్ సంచి అడుగున పెట్టింది ఫుసా. దాని మీద రెండు బనీన్లు, ఒక జత మేజోళ్ళు, పళ్ళపొడి డబ్బా, గడ్డం గీసుకునే కత్తి. కత్తికి గుడ్డపేలిక చుట్టింది. రైలు కుదుపుకి పేలిక ఊడిపోయి, మొగుడు చూసుకోకుండా సంచిలో చెయ్యి పెడితే వేలు తెగుతుందేమోనని పైన దారం కూడా కట్టింది. గాజు కోసేవాడికి వేలు తెగితే ఇక మిగిలేదేమిటి?

మూడు రోజుల పని. మధ్యాహ్నం దాకా కార్ఖానా, ఆ తరవాత రైలు. శని, ఆది, సోమవారాలు నగోయాలో ఒక పెద్ద దుకాణం ఆరో అంతస్తులో, కొనేవాళ్ళ ఎదుట కూర్చుని గాజు కోసి చూపించాలి. మంగళవారం పొద్దున్నకి ఇల్లు.

ఆమె మొగుడు తమెకిచి గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. పొట్టి మనిషి. భుజాలు మాత్రం వెడల్పు. నలభై నాలుగేళ్ళు చక్రం ముందు వంగి వంగి మెడ ముందుకి సాగిపోయింది. అరచేతులు ఇసుకనీళ్ళలో నాని నాని తెల్లగా, ముడతలు పడి, ఎప్పుడూ అప్పుడే స్నానం చేసినవాడి చేతుల్లా ఉంటాయి. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. శ్రుతి ఎక్కడికో పోతోంది, ఆయనకి తెలియడం లేదు.

"గొడుగు పెట్టనా?" అంది ఫుసా. ఆయన తలెత్తలేదు. ఆమె లేచి, చుట్టూ తిరిగి, ఆయన ముఖానికి ఎదురుగా కూర్చుని పెదాలు కదిపింది.

"వాన రాదులే" అన్నాడు, పక్కింటికి వినపడేంత గట్టిగా.

చొక్కా జేబులో దుకాణంవాళ్ళు పంపిన అట్టముక్క నమూనా ఉంది. బల్ల మీద నిలబెట్టే పేరు అట్ట. 'ఎదో కిరికో కోత నిపుణులు, సావతారి తమెకిచి' అని అచ్చు వేశారు. ఎదో కిరికో అంటే రంగు గాజు మీద నగిషీ కోసే పాత టోక్యో పని. ఆయన కోసిన గ్లాసులు ఎన్ని వేలు దేశం మీదికి పోయాయో లెక్కలేదు. పెట్టెల మీద ఎప్పుడూ కార్ఖానా నడిపే కుజిరాయి మేస్త్రి ముద్రే ఉంటుంది. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకి ఇదే మొదలు. మూడు రోజులుగా దాన్ని తీసి చూసుకోవడం, మళ్ళీ జేబులో పెట్టుకోవడం. పెళ్ళినాడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు ఫుసా.

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి లేచినప్పుడు, పొద్దున్నే రాసి ఉంచుకున్న కాగితాన్ని పొట్టపట్టీ మడతలోకి తోసింది. 'ఈయనకి చెవులు వినపడవు. పిలిస్తే పలక్కపోతే కోపగించుకోకండి. భుజం తట్టండి. ఇట్లు, భార్య.' ఎవరు చదువుతారని రాసిందో ఆమెకే తెలీదు. ఆయన చదివితే మాత్రం సంచిని కాలవలోకి విసిరేస్తాడని తెలుసు.

సంచి సర్దడమంటే ఆమెకి భయం. యుద్ధానికి ముందు తమ్ముడికి సర్దింది. వాడు చైనాకి వెళ్ళాడు, తిరిగి వచ్చింది అస్థికలున్న ఒక తెల్లటి చిన్న పెట్టె. చెల్లెలికి సర్దింది. మంచూరియాలో పొలాలిస్తారంటే మొగుడితో కలిసి వెళ్ళింది, పెట్టె కూడా రాలేదు. బాంబులకి ఊరు కాలిపోయే ముందు ఐదేళ్ళ కూతురికి చిన్న మూట కట్టి పక్కింటావిడ చెయ్యి పట్టించి, పదండి, వెనకే వస్తున్నామంది. ఆమె చేత్తో ముడివేసిన మూటలేవీ ఇంటికి తిరిగి రాలేదు. ఇరవై ఏళ్ళపాటు ఇంట్లో సంచీ లేకుండా బతికింది. ఈ రెక్సినుది మొన్ననే కొన్నారు.

కార్ఖానా కాలవ ఒడ్డున, రేకుల కప్పు కింద ఉంది. మొగుడూ పెళ్ళాం ఎనిమిదింటికల్లా చేరారు. సంచిని తలుపు పక్కన చెప్పుల బల్ల మీద పెట్టింది ఫుసా. మోటార్లు వేశారు. పైనున్న ఇనప కడ్డీ తిరిగింది, చక్రాల్ని తిప్పే తోలు పట్టీలు చప్పట్లు కొట్టినట్టు కొట్టుకున్నాయి, నాలుగు చక్రాలూ ఒకేసారి అరిచాయి. ఆ అరుపే ఏడాదికింత చొప్పున ఆయన చెవుల్ని తినేసింది.

ఫుసా పని గీతలు. కొత్త గ్లాసుని చిన్న తిరుగుడు పీట మీద పెట్టి, ఎర్రకావిలో ముంచిన వెదురు పుల్లతో నిలువు గీతలు, అడ్డగీతలు వేస్తుంది. ఆ గళ్ళలోనే కోసేవాళ్ళు చామంతులు పూయిస్తారు, చేపగుడ్ల నగిషీ పరుస్తారు. కోత పూర్తయ్యాక ఎర్రకావి కడుక్కుపోతుంది. ఆమె గోళ్ళ సందుల్లో తప్ప ఎక్కడా మిగలదు.

ఆ ఏడు దుకాణాలవాళ్ళు నల్ల గ్లాసులు అడిగారు. నీలమూ ఎరుపూ అయితే కోసేవాడు గ్లాసు లోపలి నుంచి చూస్తూ అవతలి ముఖాన్ని చక్రానికి ఆనిస్తాడు. అంచు ఎంత దిగిందో కంటికి తెలుస్తుంది. నల్ల గాజులో చూపు దూరదు. చెవితోనే కొయ్యాలి. కార్ఖానా మొత్తం మీద నల్లది కొయ్యగలిగింది తమెకిచి ఒక్కడే. చెవులు పోయాక కూడా ఆయనే. చక్రం అదురు బొటనవేలి ఎముకల్లోంచి మోచేతిదాకా ఎక్కుతుంది. ఆయన దాంతో వినేవాడు. చాలాకాలం ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే చామంతి రేకులు వెంట్రుకవాసి కూడా తప్పేవి కావు.

కానీ ఆఖర్న మోత చూడాలి. అది ఆ కార్ఖానాలో పాత ఆచారం. పూర్తయిన గ్లాసుల్ని అందరికన్నా పెద్ద కోతగాడి ముందు పెడతారు. మోటార్లు ఆపుతారు. ఆయన ఒక్కొక్క గ్లాసుని అరచేతిలో నిలబెట్టి అంచు మీద గోటితో మీటుతాడు. మంచిదైతే ఖంగుమని మోగి, ఊపిరి విడిచేంతసేపు సాగుతుంది. కంటికి ఆనని బీట ఉంటే టప్పుమంటుంది. దాన్ని చచ్చిన గ్లాసంటారు. నల్ల గాజులో బీట దీపం ముందు పెట్టినా కనపడదు, మోత ఒక్కటే సాక్షి. ఆయన 'సరే' అంటే పెట్టెలోకి, అనకపోతే అక్కడే రాతి తొట్టిలో తన చేత్తోనే పగలగొట్టాలి. పెద్ద కోతగాడు సరే అన్న పెట్టెని మేస్త్రి మళ్ళీ విప్పి చూడడు.

గోటి మోత మరీ సన్ననిది. ఎముకకి అందదు.

నాలుగేళ్ళ కిందట ఒకరోజు ఆయన చచ్చిన గ్లాసుని మీటి, తల ఊపి, పెట్టె వైపు చెయ్యి చాపాడు. మూడడుగుల దూరంలో కూర్చున్న ఫుసా ఏమీ ఆలోచించలేదు. ఆమె మడమ దానంతటదే నేల చెక్కని నొక్కింది. ఆ చెక్కకి మేకు వదులు. ఇటు నొక్కితే అటు చివర, సరిగ్గా ఆయన పాదం కింద, బియ్యపుగింజంత లేస్తుంది. ఆయన చెయ్యి ఆగింది. ఒక్క క్షణం గ్లాసుని చూసి తొట్టిలో పగలగొట్టాడు.

ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అన్నం తింటున్నప్పుడు గాని, పడుకున్నాక గాని. ఆయన తన చెవులు పోయాయని ఆమెతో ఒక్కసారి కూడా అనలేదు. మోత చూసే వేళకి పాదాన్ని ఆ చెక్క మీదికి జరుపుకుని కూర్చునేవాడు, అంతే. ఆమె చచ్చిన గ్లాసుకి నొక్కేది, మంచిదానికి ఊరుకునేది. నాలుగేళ్ళలో ఒక్క చచ్చిన గ్లాసు కూడా ఆ గుమ్మం దాటలేదు. ఒకసారి మేస్త్రి ఆ వదులు మేకు కొట్టించబోతే, నా మోకాళ్ళకి అలాగే సుఖంగా ఉందయ్యగారూ అని ఆపింది.

నగోయాలో ఆ చెక్క లేదు. అక్కడ కోసిన గ్లాసుని మీటి, కొనేవాళ్ళ చెవి దగ్గర పెట్టి వినిపించాలట. వారం రోజులుగా ఫుసా కంటికి అదే కనపడుతోంది. పట్టుబట్టలు కట్టుకున్న నగోయా ఆడవాళ్ళు, వాళ్ళేదో అడుగుతుంటే ఈయన నవ్వుతూ తల ఊపడం, వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం. అంతకు ముందు స్టేషను. బుల్లెట్ రైలు వచ్చి రెండేళ్ళయినా వీళ్ళు ఇంకా ఎక్కలేదు. అది ఏ వైపు నుంచి వస్తుందో వినపడనివాడు పట్టాల పక్కన నిలబడతాడు. ఆపైన ఆమె ఆలోచన సాగేది కాదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర, మేస్త్రి లేనప్పుడు, తోటి కోతగాడు షోజో ఎగతాళి మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళవాడు, చెయ్యి పరవాలేదు, నోరు మాత్రం ఆగదు. తనని కాకుండా ముసలాయన్ని నగోయా పంపుతున్నారని వారం రోజులుగా లోపల రగులుతున్నాడు. ముసలాయన చెవుల మీద ఈ మధ్యే అతనికి అనుమానం పడింది. తమెకిచి వెనక నిలబడి, పెద్దన్న చెవులు తాకట్టు కొట్టులో ఉన్నాయనీ, నగోయాలో అమ్మగార్లు ధర అడిగితే పొద్దున్నే తిన్నానమ్మా అంటాడనీ అంటుంటే, పక్కనున్న పనివాడు కురాతా అన్నం మెతుకులు ముక్కులోకి పోయేలా నవ్వాడు. తమెకిచి వెనక్కి తిరిగి చూసి, ఏదో మంచి మాటే అయి ఉంటుందనుకుని తనూ నవ్వాడు.

"నువ్వు చెప్పు వదినా, ఇంట్లో ఎలా పిలుస్తావు? రాయి విసురుతావా?" అన్నాడు షోజో.

ఫుసా ఉప్పులో ఊరిన ఉమె పుల్లకాయ గింజని అన్నం డబ్బా మూతలోకి ఉమ్మింది. షోజో, కురాతా ఒక పూట నూడిల్సు పందెం వేసుకోవడం వింది. దేని మీదో వినలేదు.

రైలు వేళ చూసుకుని ఆ రోజు రెండున్నరకే మోటార్లు ఆపించాడు మేస్త్రి. చక్రాలు నెమ్మదించి ఆగాయి. కాలవలో పడవ ఇంజను చప్పుడు లోపలికి వచ్చింది. తమెకిచి చేతులు తుడుచుకుని కూర్చుని పాదం జరుపుకున్నాడు. షోజో పళ్ళెం తెచ్చి ముందు పెట్టాడు.

ఆరు గ్లాసులు. ఈ వారం ఫుసా నల్లవాటి మీద గీతలు వేసింది ఐదింటికే. లెక్క తప్పిందేమోనని మళ్ళీ చూసింది. ఆరు. షోజో గోడవైపు తిరిగి కింది పెదవి పళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడర్థమైంది పందెం దేని మీదో. ఆయనే ఎప్పుడో కోసిన గ్లాసొకటి, బీట వారినది, తెచ్చి కలిపారు, మోత ఆయనకి వినపడుతుందో లేదో చూడడానికి.

మొదటిది ఖంగుమంది. ఆయన ఊపిరి బిగబట్టి, అది ఆగేంతసేపు లెక్కపెట్టుకుని, "సరే" అన్నాడు. రెండోది సరే. మూడోది సరే.

నాలుగోది టప్పుమంది. పచ్చి గుమ్మడికాయ మీద వేలితో కొట్టినట్టు.

ఫుసా మడమ చెక్క మీదే ఉంది. కొంచెం బరువు వేస్తే చాలు. ఆయన ఎదురుచూస్తున్నాడు. ఆయన వీపు చూస్తేనే ఆమెకి తెలుస్తోంది, పాదంతో ఎదురుచూస్తున్నాడని. తలుపు పక్క సంచి కనపడుతోంది. ఆమె అనుకుంది: ఇక్కడ తెలిస్తే మనవాళ్ళ మధ్యే తెలుస్తుంది. మేస్త్రి తిడతాడు. ఇంకెవర్నో పంపుతాడు. ఈయన రైలెక్కడు. సాయంత్రం ఇంట్లో ఉంటాడు.

అంతవరకే అనుకుంది. మడమ కదపలేదు.

"సరే" అన్నాడు తమెకిచి. గ్లాసుని పెట్టెలో, గడ్డి మధ్య పడుకోబెట్టాడు.

కురాతా భుజాలు ఊగుతున్నాయి. ఆయన ఐదోదీ ఆరోదీ మీటి సరే అన్నాడు. కుజిరాయి మేస్త్రి నవ్వలేదు. పెట్టె దగ్గరికి వచ్చి నాలుగోదాన్ని తీసి తన గోటితో మీటాడు. టప్పుమంది. దాన్ని కింద పెట్టి తమెకిచి వెనక నిలబడ్డాడు.

"తమెకిచీ" అన్నాడు.

ఆయన చేతిగుడ్డ మడత పెట్టుకుంటున్నాడు.

"తమెకిచీ, నీ ఇల్లు తగలబడుతోంది."

ఆయన చేతిగుడ్డ మడతని తొడ మీద వేసి చదును చేశాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదితే మీ దవడలే నొప్పి, మేస్త్రిగారూ" అన్నాడు షోజో.

మేస్త్రి వెళ్ళి సంచి తెరిచాడు, నిన్న తనిచ్చిన రైలు టిక్కెట్టూ దుకాణంవాళ్ళ ఉత్తరమూ తీసుకోవడానికి. బనీన్లు బల్ల మీద పడేశాడు. పొట్టపట్టీ విదిలిస్తే కాగితం నేల మీద పడింది. తీసి అందరికీ వినపడేలా చదివాడు, 'ఇట్లు, భార్య' దాకా. అప్పటికి తమెకిచి వెనక్కి తిరిగాడు. మేస్త్రి చేతిలో కాగితం మీద ఉన్నది ఎవరి చేతిరాతో ఆయన గుర్తుపట్టాడు.

"ఎన్నేళ్ళయింది?" అన్నాడు మేస్త్రి ఫుసాతో.

"నాలుగేళ్ళండి."

"నాలుగేళ్ళలో ఎన్ని చచ్చిన గ్లాసులు నా ముద్ర వేసుకుని బయటికి పోయాయి?"

ఒక్కటీ లేదు. ఆ మాట నాలిక మీదే ఉంది. ఒక్కటీ లేదంటే ఎలాగో చెప్పాలి. నేను మడమతో చెప్పేదాన్ని అంటే, ఇవాళ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. ఆయన ఆమె పెదాలనే చూస్తున్నాడు. లోకంలో ఎవరి మాట అందకపోయినా ఆమె పెదాలు ఆయనకి అందుతాయి.

"తెలీదు అయ్యగారూ" అంది ఫుసా.

మేస్త్రి రాతి తొట్టి చూపించాడు. చెవిటివాడు సరే అన్న గ్లాసు మంచిదైనా తన పేరుతో పోదన్నాడు. ఆచారం ప్రకారం మోత చూసినవాడే పగలగొట్టాలి. తమెకిచికి చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది. తను ఆ వారమంతా కోసిన ఐదింటినీ, షోజో పెట్టినదాన్నీ ఒకదాని తరవాత ఒకటి తొట్టి అంచుకి కొట్టాడు. చచ్చింది చప్పుడు లేకుండా ముక్కలైంది. బతికున్న ఐదూ పగిలేటప్పుడు రేకుల కప్పు దాకా మోగాయి. ఒక్కొక్కటి ఎంతసేపు మోగిందో అందరూ విన్నారు, ఆయన తప్ప.

రేపట్నుంచి తమెకిచి రానక్కర్లేదనీ, గీతలకి చెవులతో పనిలేదు గనక ఫుసా రావచ్చనీ మేస్త్రి అన్నాడు. నగోయాకి షోజో వెళ్ళాలి. షోజో ఇంటికెళ్ళి బట్టలు తెచ్చుకునే టైము లేదన్నాడు, మేస్త్రి బల్ల మీది బనీన్లు తిరిగి సంచిలోకి తోశాడు. మరి పేరు అట్ట అని షోజో అంటే, అచ్చయిపోయింది, అదే ఉండనీ, నగోయాలో ఎవడికి తెలుసు నీ మొహం అన్నాడు. షోజో తమెకిచి ముందు నిలబడి, ఇప్పుడతను కూడా నవ్వకుండా, నడుం దాకా వంగి దండం పెట్టి సంచి పట్టుకుపోయాడు.

ఇద్దరూ ఇంటికి నడిచి వచ్చారు. మూడున్నర కూడా కాలేదు. పగటిపూట ఆ వీధి ఎలా ఉంటుందో వాళ్ళకి తెలీదు. ఎవరింట్లోనో రేడియో మోగుతోంది, చాపలు దులుపుతున్నారు. ఫుసా టీ పెట్టింది. ఆయన బల్ల ముందు కూర్చుని చాలాసేపు గిన్నె పట్టుకున్నాడు. తరవాత, ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగాడు.

"కాలు నొప్పా?"

అవునంటే సరిపోయేది. మోకాళ్ళు నిజంగానే రోజూ నొప్పే. చలికాలం వస్తోంది, తిమ్మిరెక్కిందంటే ఎవరైనా నమ్ముతారు. కానీ ఆయన ఆమె పెదాల వైపు చూస్తున్నాడు. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆ కళ్ళకి ఆమె అబద్ధం చెప్పలేదు.

"లేదు" అంది.

ఆయన ఆ మాట ఆగేంతసేపు ఆగాడు. తల ఊపాడు.

"సరే" అన్నాడు.

కాసేపటికి తువ్వాలు, సబ్బు తీసుకుని వీధి చివర స్నానాల ఇంటికి బయల్దేరాడు. అది నాలుగింటికి తెరుస్తారు. తొలి నీళ్ళు వేడిగా ఉంటాయి, ఆయనకిష్టం. ఫుసా గుమ్మంలో నిలబడి చూసింది. చేతిలో సంచి లేదు. సంచి లేకుండా వెళ్ళే మనిషి గురించి భయపడడం ఆమెకి చేతకాదు. లోపలికి వచ్చి రెండు కానాగంత చేపలు ఉప్పు రాసి పెట్టింది, ఒకటి కొంచెం పెద్దది. బియ్యం కడుగుతూ, తనకి మనసు తేలిగ్గా ఉందని గమనించుకుంది. సిగ్గేసింది. అయినా తేలిగ్గానే ఉంది.

ఏడింటికి స్నానాల ఇంటికి వెళ్ళి అడిగింది. గల్లా దగ్గర కూర్చునే ముసలావిడ, వచ్చాడమ్మా అంది. చెప్పులు విప్పి అరలో పెట్టాడు, డబ్బులిచ్చాడు, బట్టలు విప్పకుండా బెంచీ మీద కాసేపు కూర్చున్నాడు. ఏమైనా మర్చిపోయావా అని అడిగితే పలకలేదు. నేను అటు తిరిగి ఇటు చూసేసరికి లేడు, ఏదో తెచ్చుకోవడానికి ఇంటికి వెళ్ళాడనుకున్నానంది.

పోలీసులు రెండుసార్లు వచ్చి వయసు, ఎత్తు, పళ్ళు ఎన్ని ఉన్నాయో రాసుకున్నారు. కాలవలో వెతికారు. షోజో మంగళవారం వచ్చి, నగోయాలో అందరూ తమెకిచి గారూ తమెకిచి గారూ అని ఒకటే మర్యాద చేశారని కురాతాతో చెబుతుంటే ఫుసా వెదురు పుల్ల ఎర్రకావిలో ముంచుతూ వింది. ఆమె శనివారం కూడా పనికి వెళ్ళింది. ఇంట్లో కూర్చుంటే ఆయన వచ్చినప్పుడు ఏం చెప్పాలో ఆలోచించాల్సి వస్తుందని.

డిసెంబరు మొదట్లో స్నానాల ఇంటి ముసలావిడ ఒక జత చెక్క చెప్పులు పాత వార్తాపత్రికలో చుట్టి తెచ్చింది. పన్నెండో అరలో ఉన్నాయి, అర ఖాళీ చెయ్యాలి, ఏమనుకోకమ్మా అంది. ఫుసా వాటిని గడప లోపల, ముక్కులు ఇంటివైపు తిప్పి పెట్టింది. ఒకదాని నీలం పట్టీ పిగిలితే ఆయనే ఎప్పుడో ఎర్ర గుడ్డతో ముడి వేసుకున్నాడు, ముడి గట్టిగానే ఉంది.

సావతారి తమెకిచి, యాభై ఏడేళ్ళు, గాజు కోత పనివాడు, షోవా నలభై ఒకటో ఏడు, అంటే 1966, నవంబరు పదకొండో తారీఖు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి స్నానానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.